తొంభై–ముప్ఫై

పెట్టె మీద ఏ హెచ్చరిక గుర్తూ లేదు.
"రేడియేషన్" అన్న ఒక్క మాట కూడబలుక్కుని చదివి
మీనంబాక్కం కార్గో షెడ్డులో
లోడర్ పిచ్చముత్తు నాలుగడుగులు వెనక్కేశాడు.
తొడమాట్టేన్ సార్, అన్నాడు.
ముట్టనంటే ముట్టడు.
నేనే మోశాను. పదకొండు కిలోలు.
అందులో సగం బరువు పేరుదే అయ్యుంటుంది.

ప్యారిస్‌లో మా ఆఫీసు. అంటే ప్యారిస్ కార్నర్.
సూళ్లూరుపేటలో మా మేనత్త
ఇప్పటికీ ఫ్రాన్సనే అనుకుంటుంది.
ఇరవై రెండేళ్లుగా నా పని ఒక్కటే:
ఓడ దిగినదానికీ విమానం దిగినదానికీ
ఒక అంకె వెతికిపెట్టడం.
అంకె లేనిది ఈ దేశంలోకి రాదు.

అప్రైజర్ సెల్వనాయకి గారి బల్ల మీద
టారిఫ్ పుస్తకం
నిద్రపోయి లేచిన తలగడలా ఉంటుంది.
"కిరణాలతో పనిచేసేవి తొంభై ఇరవై రెండు.
కిరణాల్ని కనిపెట్టేవి తొంభై ముప్ఫై.
మీదేది?"
మేడమ్, ఇది ఏదీ విసరదు,
ఊరికే వింటుంది, అన్నాను.
తుపాకీనీ, దాని చప్పుడు విన్న చెవినీ
ఒకే గదిలో పెడతామా?
"ఏదీ తేలకపోతే
వరసలో వెనకొచ్చేదే గెలుస్తుంది, ఆఖరి రూలు అదే.
కానీ అక్కడిదాకా పోనివ్వను నేను," అంది.
ఆవిడ నవ్విందో లేదో
కళ్లజోడు చెప్పనివ్వలేదు.

చిక్కంతా రెండో పెట్టెతో.
అరచేతిలో పట్టేంత అల్యూమినియం డబ్బా,
లోపల స్ఫటికం.
ఇన్‌వాయిస్‌లో సోడియం అయొడైడ్ అని ఉంది.
"ఇది ఉప్పు కదయ్యా," అంటూ
ఇరవై ఎనిమిదో అధ్యాయానికి వెళ్లిపోయింది.
"సీలు తీసి చూపించు."

నవంబరు. బయట మూడ్రోజుల ముసురు.
ఫైళ్లు నానిన అప్పడాల్లా వంగిపోతున్నాయి.
ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు,
ఈ ఉప్పు తానే తాగుతుంది మేడమ్,
గాలిలోంచే.
గంటలో పచ్చబడుతుంది, ముసలి పన్నులా.
ఆ తర్వాత దానికి ఏ కిరణం సోకినా
లోపల మెరుపు మెరవదు.
అప్పుడు మీరు రాసిందే నిజమవుతుంది,
అది ఉప్పే.

ఆవిడ పెన్ను మూత పెట్టింది.

గిండీలో ప్రొఫెసర్ కుముదిని
నాలుగేళ్లు అడిగి సంపాదించిన గ్రాంటు అది.
తీరం ఇసుక కొలవాలట.
రోజూ ఫోను చేసి
ఆస్పత్రిలో బిడ్డ సంగతి అడిగినట్టు
"తడేమీ తగల్లేదుగా?" అనేది.
షెడ్డు వాళ్ల డెమరేజి మాత్రం
వాననకా ఆదివారమనకా
టిక్కుటిక్కుమంటూ పెరిగింది.

పదకొండో రోజు పరీక్షకి ఆవిడే వచ్చింది,
గొడుగు మడుస్తూ.
సీలు తీయలేదు. వైరు కలిపాం, స్విచ్చి వేశాం.
దగ్గర్లో ఏ మూలకమూ లేదు, ఏ మందూ లేదు,
అయినా మొదలెట్టింది
రేకు మీద తొలి చినుకుల్లా.

పిచ్చముత్తు స్తంభం చాటునుంచే అడిగాడు:
దేన్ని లెక్కపెడుతోంది?
నేలని, అన్నాను. ఈ గ్రానైటు రాయిని.
పైనుంచి వచ్చేదాన్ని.
నీ టిఫిన్ డబ్బాలో అరటిపండుని.
నిన్ను కూడా, రవ్వంత.
"నన్నా?"

వచ్చాడు. చెయ్యి లుంగీకి తుడుచుకుని
డబ్బా పక్కన పెట్టాడు.
నిజం చెప్పాలంటే లెక్కేమీ మారలేదు.
మారింది సార్, అన్నాడు వాడు.
సెల్వనాయకి గారు నా వైపు చూసింది.
నేను మాట్లాడలేదు.
ఆవిడా మాట్లాడలేదు.

రెండు పెట్టెలూ కలిపి తొంభై ముప్ఫై అని రాసింది,
పక్కన "ప్రస్తుతానికి" అని చేర్చి
బాండు అడిగింది.
అడగకపోతే ఆవిడ ఆవిడ కాదు.

లారీ ఎక్కించేటప్పుడు
పెట్టె రెండో కొస పిచ్చముత్తు పట్టుకున్నాడు.
తర్వాత డెమరేజి రసీదు జిరాక్సొకటి అడిగి
దాని వెనక రాయించుకున్నాడు,
వాడు చెయ్యి పెట్టిన ఆ నిమిషం అంకె:
రెండువేల మూడువందల పదహారు.
నాలుగు మడతలు పెట్టి
బీడీకట్టతోపాటు జేబులో దోపుకున్నాడు.